బాపుకు తెలియకుండా ట్రయల్‌లో చేర్చొచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. మా బాపుకు 62 ఏళ్లు, వ్యవసాయం చేస్తాడు. రెండేళ్ల కింద కుడి కిడ్నీలో గడ్డ ఉందని కిడ్నీ తీసేశారు. రిపోర్టులో క్లియర్ సెల్ కార్సినోమా, అంటే ఒక రకం కిడ్నీ క్యాన్సర్, అని ఉంది. పోయిన ఏడాది ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న గడ్డలు, తుంటి ఎముకలో ఒక మచ్చ కనబడ్డాయి. అప్పటి నుంచి పాజోపానిబ్ అనే క్యాన్సర్ బిళ్లలు వాడుతున్నాడు. మొన్నటి స్కాన్‌లో గడ్డలు పెరిగాయన్నారు. డాక్టర్ గారు ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ల గురించి చెప్పారు గానీ ఖర్చు విని గుండె ఆగినంత పనైంది. హైదరాబాద్‌లో ఒక పెద్దాసుపత్రిలో ఇలాంటి పేషెంట్ల కోసం క్లినికల్ ట్రయల్, అంటే మందును మనుషులకు ఇచ్చి పరీక్షించే పరిశోధన, నడుస్తోంది, కనుక్కోండి అని కూడా ఆయనే అన్నారు. మా అమ్మేమో మనిషి మీద ప్రయోగాలు చేయిస్తావా అని ఏడుస్తోంది. బాపుకు క్యాన్సర్ అని చెప్పలేదు, గడ్డ అనే చెప్పాం. ఆయనకు తెలియకుండా నేనే సంతకం పెట్టి చేర్చొచ్చా? డల్లాస్‌లో ఉన్న మా చిన్నాన్న కొడుకు అక్కడి ట్రయల్స్ లిస్టు పంపాడు, అమెరికా తీసుకుపోతే నయమా? ఇంకో సంగతి, ఎవరో ఫోన్ చేసి యాభై వేలు కడితే ట్రయల్‌లో సీటు ఇప్పిస్తానంటున్నాడు. నమ్మొచ్చా?

సమాధానం: మీ ప్రశ్నల్లో రెండింటికి జవాబు వెంటనే చెప్పేయొచ్చు. ఆ యాభై వేల మనిషికి రూపాయి కూడా ఇవ్వకండి. బాపు బదులు మీరు సంతకం పెట్టడం కుదరదు. మిగతావి నిదానంగా మాట్లాడుకోవాల్సినవి. నేను చాలా ఏళ్లు క్యాన్సర్ ట్రయల్స్‌లో కోఆర్డినేటర్‌గా పనిచేశాను. పేషెంటు పక్కన కూర్చుని కాగితాలు చదివి వినిపించడం, మిగిలిన బిళ్లలు లెక్కపెట్టడం, స్కాన్ తేదీలు గుర్తుచేయడం నా పని. డాక్టర్ని కాను కాబట్టి మీ బాపుకు ఏ మందు మంచిదో చెప్పను. ఎవరిని ఏం అడగాలో చెబుతాను.

ముందు సంతకం సంగతి. మన దేశంలో ట్రయల్స్‌కు వర్తించేవి కేంద్రం 2019లో తెచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. స్పృహలో ఉండి, మంచీచెడూ ఆలోచించుకోగలిగిన పెద్దమనిషి తరఫున ఇంకొకరు ఒప్పుకోవడానికి వాటిలో చోటు లేదు. పేషెంటు స్పృహలో లేకపోతేనో, మైనర్ అయితేనో, సొంతంగా నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉంటేనో మాత్రమే ఇంట్లోవాళ్లు ప్రతినిధిగా సంతకం పెడతారు. మీ బాపుకు చదువు రాకపోతే వేలిముద్ర వేస్తాడు. అప్పుడు ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షి మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చుని, అంతా చదివి చెప్పారని సంతకం చేయాలి. కాగితాలు ఆయనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే తెలుగులో. సంతకం అయ్యాక ఒక కాపీ మీ చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, ట్రయల్‌లో పేషెంట్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ దాని మీదే ఉంటుంది.

ఆ కాగితాల్లో ఒక పేజీ గురించి ముందే చెప్పాలి. పేరు, వయసు, చిరునామా, చదువు, వృత్తి, ఏడాది ఆదాయం, వీటి కింద నామినీ పేరు, ఆ నామినీతో చుట్టరికం రాయాలి. నామినీ గడి దగ్గరికి వచ్చేసరికి ఎవరికైనా గొంతు తగ్గిపోతుంది. "నామినీ ఎందుకమ్మా, నేను పోతాననా?" అని ఒకాయన నన్ను సూటిగా అడిగాడు. ట్రయల్ వల్ల ప్రాణం మీదికి వస్తే పరిహారం ఎవరికి ఇవ్వాలో ముందే రాసుకోవడం అది, చట్టం అడిగేది, అందరితోనూ రాయిస్తాం అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి "అయితే మా ఇంటామె పేరు రాయి, కొడుకు పేరు వద్దు" అన్నాడు. కొడుకు పక్క కుర్చీలోనే ఉన్నాడు. సరే, ఆ ఇంటి సంగతి నాకెందుకు. ఒంట్లో ఏదో గడ్డ ఉందని మాత్రమే తెలిసిన మనిషి చేత మీరు ఈ పేజీ ఎలా నింపిస్తారో ఆలోచించండి.

అసలు ఆయనకు నిజంగా తెలియదా అన్నది నాకున్న అనుమానం. కిడ్నీ తీసేసిన మనిషి, నెలనెలా ఆంకాలజీ, అంటే క్యాన్సర్ విభాగం, అని బోర్డు ఉన్న చోటికి వచ్చే మనిషి, ఆ హాల్లో గంటలు గంటలు కూర్చుని పక్కవాళ్లతో మాట్లాడే మనిషి. మన పేషెంట్లు ఓపీ చీటీ చేతికి రాకముందే ఒకరి జబ్బు ఒకరు తెలుసుకుంటారు. పాజోపానిబ్ వాడే చాలామందికి కొన్ని నెలల్లో జుట్టు, కనుబొమ్మలు తెల్లబడతాయి. మీ బాపు అద్దంలో చూసుకునే ఉంటాడు. మీరు బాధపడతారని ఆయన, ఆయన బెంగపెట్టుకుంటాడని మీరు, ఇద్దరూ ఊరుకుంటున్నారేమో. నేను చూసిన ఇళ్లలో ఎక్కువ భాగం ఇదే జరిగింది.

తెలియకుండా ఉంచడంలో ప్రమాదం కూడా ఉంది, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇమ్యునోథెరపీ మందులు మన రోగనిరోధక వ్యవస్థకు పగ్గాలు వదిలేస్తాయి. అది గడ్డతోపాటు ఒక్కోసారి పేగు మీద, ఊపిరితిత్తి మీద, కాలేయం మీద, థైరాయిడ్ మీద కూడా పడుతుంది. మామూలు మనిషికి రోజుకు ఐదారుసార్లు విరేచనాలైతే మజ్జిగ తాగి, మెడికల్ షాపులో రెండు బిళ్లలు తెచ్చుకుని ఊరుకుంటాడు. ఈ మందు మీద ఉన్న మనిషికి అవే విరేచనాలు పేగు వాపు కావచ్చు, స్టెరాయిడ్లు వెంటనే మొదలుపెట్టాల్సి రావచ్చు. ఆ రాత్రి ఫోన్ చేయాల్సింది ఆయనే. ఏం మందు తీసుకుంటున్నాడో తెలియని మనిషి ఫోన్ చేయడు. పొలం పనులప్పుడు పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఓర్చుకుంటాడు.

ఎలా చెప్పాలి అంటారా? మీరొక్కరే మోయకండి. డాక్టర్ గారిని ఒక పావుగంట అడిగి పెట్టుకోండి, ఓపీ రద్దీలో కాదు. చెప్పడం కంటే ముందు అడగండి. "బాపూ, ఇది ఏం జబ్బని నీకనిపిస్తుంది?" అని అడిగి ఆగండి. ఆయన నోటితో ఆయనే అనొచ్చు. లేదా "అన్నీ నువ్వే చూసుకో బిడ్డా" అనొచ్చు. అదీ మంచిదే. లెక్కలు, శాతాలు, ఎన్నాళ్లు అన్నవి ఆయన వద్దంటే వినిపించక్కర్లేదు. జబ్బు పేరు, ఇది పరిశోధన అన్న సంగతి, మందు వల్ల రాగల ప్రమాదాలు, ఎప్పుడైనా మానేయొచ్చన్న సంగతి, ఈ నాలుగూ మాత్రం ఆయనకు తెలిసి తీరాలి. ఆయన వద్దంటే వద్దనే. మీకూ అమ్మకూ ఇష్టమున్నా సరే.

ఇక మీ అమ్మగారి భయం. అది ఊరికే పుట్టింది కాదు, ఆమెను కోప్పడకండి. 2009లో ఖమ్మం జిల్లాలో హాస్టల్ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసినప్పుడు తల్లిదండ్రుల బదులు చాలాచోట్ల వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పినా, అనుమతి తీసుకున్న తీరును తప్పుపట్టింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇంకా ఘాటుగా రాసింది. 2011లో పిడుగురాళ్ల ఆడవాళ్లను డబ్బు ఆశచూపి హైదరాబాద్ తీసుకొచ్చి వాళ్ల మీద మందులు పరీక్షించిన వ్యవహారం పేపర్లలో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న పేదవాళ్లకు డబ్బిచ్చి రక్తంలో మందు ఎంత ఉందో కొలిచే ఆ పరీక్షలు వేరు, జబ్బు ఉన్నవాళ్లకు చికిత్సగా ఇచ్చే ట్రయల్ వేరు. కానీ పేపర్ చదివిన తల్లికి రెండూ ఒక్కటిగానే కనబడతాయి.

ఆ గొడవల తర్వాత, సుప్రీంకోర్టు గట్టిగా అడిగాక, నిబంధనలు బిగిశాయి. ప్రతి ట్రయల్‌కూ ముందు ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉండాలి. కమిటీలో కనీసం ఏడుగురు, వాళ్లలో సగం మంది ఆ ఆస్పత్రికి చెందనివాళ్లు, ఒక న్యాయం తెలిసినవారు, ఒక మామూలు పౌరుడు, కనీసం ఒక మహిళ ఉండాలి. పేషెంటుకు తీవ్రమైన హాని జరిగితే డాక్టర్ 24 గంటల్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు, కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి తెలపాలి. ట్రయల్ వల్ల జరిగిన హానికి వైద్యం ఉచితం, పరిహారం అదనం. ఇక్కడొక మెలిక ఉంది. జబ్బు దానంతట అది ముదిరితే పరిహారం రాదు, ట్రయల్ వల్లే అని తేలాలి. పరిహారం లెక్కలో వయసు, జబ్బు తీవ్రత కూడా చూస్తారు, కాబట్టి జబ్బు బాగా ముదిరినవాళ్లకు వచ్చే మొత్తం తక్కువ. నాకు ఆ లెక్క నచ్చదు, కానీ ఉన్నది అది. ఇవన్నీ అమలయ్యే తీరు ఆస్పత్రిని బట్టి మారుతుంది. అందుకే కమిటీ నంబర్ మీ దగ్గర ఉండాలన్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న, చేరాలా వద్దా. మీ ఉత్తరంలో ట్రయల్ అని ఉందిగానీ ఏ ట్రయల్ అని లేదు. అది తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా గాలిలో మాటే. మొదట మీరు తెలుసుకోవాల్సింది, ట్రయల్‌లో చేరకపోతే మీ బాపుకు దొరికే మంచి వైద్యం ఏమిటి అని. కిడ్నీ క్యాన్సర్‌కు మామూలు కీమోథెరపీ పెద్దగా పనిచేయదు. 2005 చివర్లో సొరాఫెనిబ్, 2006 మొదట్లో సునిటినిబ్ వచ్చేదాకా డాక్టర్ల చేతిలో ఉన్నవి ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ లాంటివి, అవి పనిచేసేది కొద్దిమందికే. ఆ తర్వాత మందులు వరస కట్టాయి. మీ బాపు లాంటి వాళ్ల మీద, అంటే ఒక రకం బిళ్లలు వాడి అవి పనిచేయడం మానేసినవాళ్ల మీద, 2015లో ఒక పెద్ద ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 821 మందిలో సగం మందికి నివోలుమాబ్ ఇంజెక్షన్, సగం మందికి అప్పటి ప్రామాణిక మందు ఎవరోలిమస్ ఇచ్చారు. నివోలుమాబ్ తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం, అంటే సగం మంది అంతకంటే ఎక్కువ కాలం బతికిన గడువు, 25 నెలలు, రెండోవాళ్లది 19.6 నెలలు. మీ డాక్టర్ చెప్పిన ఇంజెక్షన్ ఇదో, ఇలాంటిదో అయ్యుంటుంది. కాబోజాంటినిబ్ అనే బిళ్ల కూడా ఈ దశలో వాడతారు. ట్రయల్ బయట మీకున్న దారులు ఇవి.

ట్రయల్ ఆస్పత్రికి వెళ్లినప్పుడు మొదటి ప్రశ్న ఇదే కావాలి: "రెండో గ్రూపులో పడితే మా బాపుకు ఏం మందు వస్తుంది?" చాలా ట్రయల్స్‌లో పేషెంట్లను రెండు గ్రూపులు చేస్తారు. ఎవరు ఏ గ్రూపులో పడాలో కంప్యూటర్ తేలుస్తుంది. డాక్టర్ గారు తెలిసినవారైనా, మంత్రి గారి సిఫారసు ఉన్నా అది మారదు. రెండో గ్రూపుకు ఇచ్చేది నివోలుమాబో కాబోజాంటినిబో అయితే, రెండో గ్రూపులో పడ్డా మీరు నష్టపోయేది లేదు. అంతకంటే పాతది, బలహీనమైనది అయితే నేనైతే గట్టిగా ఆలోచిస్తాను. ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి ఊరుకుంటారేమో అన్న భయం చాలామందికి ఉంటుంది. జబ్బు పాకినవాళ్లకు ఉత్తుత్తి మందు ఒక్కటే ఇచ్చి కూర్చోబెట్టడం, ప్రామాణిక వైద్యం అంటూ ఒకటున్నప్పుడు, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకూడని పని. ప్రామాణిక మందుకు తోడుగా ఒక గ్రూపుకు కొత్త మందు, రెండో గ్రూపుకు ఉత్తుత్తి బిళ్ల ఇవ్వడం మాత్రం ఉంటుంది. ఆపరేషన్ అయి, ప్రస్తుతానికి జబ్బు కనబడనివాళ్ల ట్రయల్స్‌లో ఉత్తుత్తి మందు ఒక్కటే ఇచ్చే గ్రూపు కూడా ఉండొచ్చు. పెంబ్రోలిజుమాబ్‌ను ఆపరేషన్ తర్వాత వాడొచ్చని తేల్చిన ట్రయల్ అలాంటిదే, 994 మంది చేరారు. మీ బాపుది ఆ దశ కాదు.

రెండో ప్రశ్న ఫేజ్. ఫేజ్ 3 అంటే మందుకు అంతకుముందే కొంత రుజువు ఉంది, పాతదానికంటే మేలా కాదా అని వందల మంది మీద తేల్చుకుంటున్నారు. ఫేజ్ 2లో పనిచేస్తుందా అని చూస్తారు. ఫేజ్ 1లో ముఖ్యంగా వెతికేది ఎంత మోతాదు ఒంటికి పడుతుందన్నది. కొద్దిమంది చొప్పున తీసుకుని, తట్టుకుంటే తర్వాతి కొద్దిమందికి మోతాదు పెంచుతూ పోతారు. చాలా ఫేజ్ 1 ట్రయల్స్ ఒక్క కిడ్నీ క్యాన్సర్‌కే కాదు, ఊపిరితిత్తి, పేగు, రొమ్ము, ఏ గట్టి గడ్డ ఉన్నవాళ్లనైనా చేర్చుకుంటాయి. మీ చిన్నాన్న కొడుకు పంపిన లిస్టులోనూ కిడ్నీ పేరు పక్కన పది రకాల క్యాన్సర్లు కనబడితే అది దాదాపుగా అలాంటిదే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ అండతో 1991 నుంచి 2002 వరకు జరిగిన 460 ఫేజ్ 1 ట్రయల్స్‌ను ఒకసారి లెక్కతీశారు. సుమారు 12 వేల మందిలో గడ్డ బాగా తగ్గింది 10.6 శాతం మందికి. మందు వల్ల చనిపోయినవాళ్లు 0.49 శాతం. ఇప్పటి మందులు అప్పటికంటే గురిచూసి చేసినవి, అయినా ఫేజ్ 1లో చేరేటప్పుడు అంతకుమించి ఆశపెట్టుకోవద్దనే చెబుతాను. బయట రుజువున్న మందులు ఇంకా మిగిలి ఉండగా మీ బాపును ఫేజ్ 1కు తీసుకెళ్లడం తొందరపాటే అనిపిస్తుంది.

కొత్తది కాబట్టి మెరుగైనదే అనుకోవడం ఇంకో పొరపాటు. ఇమ్యునోథెరపీ అయిపోయాక జబ్బు పెరిగినవాళ్లకు కాబోజాంటినిబ్‌తోపాటు మళ్లీ ఇంకో ఇమ్యునోథెరపీ మందు అటెజోలిజుమాబ్ కలిపితే లాభమేమో అని 522 మందితో ట్రయల్ చేశారు. 2023లో ఫలితం వచ్చింది. లాభం లేదు, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువ. దీనికి ఎదురుగా ఇంకోటి చెబుతాను. ఒంట్లో కణాలు ఆక్సిజన్ ఎంత అందుతోందో ఎలా పసిగడతాయో తేల్చిన శాస్త్రవేత్తలు ముగ్గురికి 2019లో నోబెల్ వచ్చింది. కిడ్నీ క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందనట్టు ఎందుకు ప్రవర్తిస్తాయో దాంతో అర్థమైంది. ఆ దారి పట్టుకుని వచ్చిన బిళ్ల బెల్జుటిఫాన్. బిళ్లలు, ఇమ్యునోథెరపీ రెండూ అయిపోయిన 746 మందిలో దాన్ని ఎవరోలిమస్‌తో పోల్చితే, గడ్డలు బాగా తగ్గినవాళ్లు 22 శాతం దగ్గర ఉన్నారు. ఎవరోలిమస్ వాళ్లలో 4 శాతం కూడా లేరు. అలాగని మొత్తం ఆయుష్షు పెరిగిందా అంటే, ఆ తేడా రుజువు కాలేదు. 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఈ వాడకానికి అనుమతి వచ్చింది. ఏ ట్రయల్ ఎటు తేలుతుందో చేర్చుకునే డాక్టర్‌కు కూడా తెలియదు. తెలిసుంటే ట్రయల్ ఎందుకు? "ఇది గ్యారంటీగా పనిచేస్తుంది" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

డబ్బు విషయం దాచుకోకుండా మాట్లాడదాం. కంపెనీ నడిపే ట్రయల్‌లో కొత్త మందుకు, ట్రయల్ కోసం చేసే పరీక్షలకు పేషెంటు దగ్గర తీసుకోరు, రాకపోకల ఖర్చు కూడా చాలాచోట్ల ఇస్తారు. డాక్టర్లు సొంతంగా నడిపే అకడమిక్ ట్రయల్స్‌లో మామూలుగా వాడే మందుల ఖర్చు మీ మీద పడొచ్చు. ఏది ఉచితం, ఏది కాదు, ట్రయల్ ముగిశాక మందు పనిచేస్తూ ఉంటే ఎవరిస్తారు, ఈ మూడూ అడిగి కాగితం మీద ఎక్కడుందో చూపించమనండి. ఇంజెక్షన్ కొనలేక ట్రయల్‌కు వెళ్లడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. కానీ ముందు ఆరోగ్యశ్రీ కింద ఏం వస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను, కంపెనీ సాయం పథకం ఉందేమో మీ డాక్టర్‌ను అడగండి. బిళ్లల్లో జెనెరిక్ రకాలు ఎంతకు దొరుకుతున్నాయో కూడా కనుక్కోండి. ఈ ఖర్చు గొడవను తీర్చడానికే మన దగ్గర నడిచిన ట్రయల్స్ కూడా ఉన్నాయి. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు తల, మెడ క్యాన్సర్ ముదిరినవాళ్లకు నివోలుమాబ్‌ను మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే, అంటే మామూలు మోతాదులో పదోవంతు కంటే తక్కువ, చవక కీమో బిళ్లలకు జోడించి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. అది తల, మెడ సంగతి. మీ బాపు విషయంలో అదే మోతాదు చాలని మీకు మీరు లెక్క కట్టుకోవద్దు, డాక్టర్‌తో మాట్లాడటానికి మాత్రం పనికొస్తుంది.

ఇప్పుడు అతి ముఖ్యమైన మాట, దీనికే ఎక్కువమంది దెబ్బతింటారు. తర్వాతి మందు మొదలుపెట్టకముందే ట్రయల్ వాళ్లను కలవండి. "ముందు ఇది వాడి చూద్దాం, తగ్గకపోతే ట్రయల్" అనుకుని నాలుగు నెలల తర్వాత వస్తే తలుపు మూసుకుపోయి ఉండొచ్చు. ఒక్క రకం బిళ్లలే వాడినవాళ్లు కావాలి, ఇమ్యునోథెరపీ ఇంతవరకు తీసుకోనివాళ్లు కావాలి లాంటి షరతులు ట్రయల్‌కు ట్రయల్‌కు ఉంటాయి. అదే సమయంలో ట్రయల్ కబురు కోసం రెండు నెలలు మందు లేకుండా కూర్చోవడమూ తప్పే. "ఎన్ని రోజుల్లో తేలుస్తారు?" అని తేదీ అడగండి. ఆ తేదీ దాటితే మీ డాక్టర్ చెప్పిన మందు మొదలుపెట్టడం మేలు.

వెళ్లేటప్పుడు ఫైలు సరిగా పట్టుకెళితే సగం పని అయినట్టే. ఆపరేషన్ బయాప్సీ రిపోర్టు, మొదటి నుంచి సీటీ స్కాన్‌ల సీడీలు, పాజోపానిబ్ ఎప్పుడు మొదలైంది, మోతాదు ఎప్పుడు తగ్గించారు, బీపీ, షుగర్ మందుల చీటీలు ఉండాలి. సీడీ లేకుండా రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చేవాళ్లే ఎక్కువ. గడ్డలను ట్రయల్ వాళ్లు తిరిగి కొలుచుకోవాలి, ఊపిరితిత్తిలో కనీసం ఒక సెంటీమీటరు ఉన్న గడ్డ ఉంటేనే కొలతకు పనికొస్తుంది. కిడ్నీ తీసినచోట పాథాలజీ విభాగంలో మైనంలో భద్రపరిచిన బ్లాకులు ఉంటాయి. ట్రయల్ వాళ్లు అడగొచ్చు, అవి తేవడానికి వారం పడుతుంది, ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఒకే కిడ్నీ కాబట్టి, అది ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూస్తారు. హిమోగ్లోబిన్, కాలేయం, హెపటైటిస్ బి, మెదడుకు పాకిందా, ఇదివరకు టీబీ వచ్చిందా, లేచి తన పనులు తాను చేసుకుంటున్నాడా, ఇవన్నీ చూస్తారు. ఎవరో చెప్పారని పసరు, చూర్ణం లాంటివి వాడుతుంటే దాచకండి. కాలేయం లెక్కలు ఎందుకు పెరిగాయో అర్థంకాక మేం తలపట్టుకున్న పేషెంట్లు ఉన్నారు, చివరికి బయటపడేది సంచీలో ఉన్న ఆ సీసానే. ఇన్ని చేశాక కూడా సరిపోరని చెప్పొచ్చు. దాన్ని మేం స్క్రీన్ ఫెయిల్ అంటాం. బాపు ఆరోగ్యం చేయిదాటిపోయిందని దానర్థం కాదు. ఒక అంకె అటో ఇటో ఉంటే చాలు అలా అవుతుంది. ఈ మాట ఆయనకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

ట్రయల్ నిజమైనదో కాదో మీరే చూసుకోవచ్చు. మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ, సీటీఆర్‌ఐ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద 2007 నుంచి నడుస్తోంది. ఆస్పత్రి వాళ్లను రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి ఆ వెబ్‌సైట్‌లో కొట్టండి. ఏ ఆస్పత్రిలో, ఏ డాక్టర్ కింద, ఎథిక్స్ కమిటీ ఆమోదం ఉందా, అన్నీ వస్తాయి. పేషెంట్లను చేర్చుకుంటున్నారా అన్నచోట రెండు వరసలు ఉంటాయి, ఒకటి ప్రపంచానికి, ఒకటి ఇండియాకు. ఇండియా వరస చూడండి. మీ ఫోన్ మనిషిని ఈ నంబర్ అడగండి, సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ట్రయల్‌లో సీటు కొనేది కాదు, అమ్మేది కాదు. అతనికి బాపు రిపోర్టులు వాట్సాప్‌లో పంపి ఉంటే ఇకపై పంపకండి, ఆ నంబర్ సంగతి మీ ఆస్పత్రిలో చెప్పండి, ఎందుకంటే మీ వివరాలు అతని దాకా ఎలా వెళ్లాయో వాళ్లూ తెలుసుకోవాలి.

అమెరికా లిస్టు గురించి రెండు మాటలు. అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నంత మాత్రాన ప్రభుత్వం ఆ ట్రయల్‌ను మెచ్చుకున్నట్టు కాదు. లిస్టులో ప్రతి ట్రయల్ కింద ఏయే దేశాల్లో, ఏయే ఊళ్లలో నడుస్తోందో ఉంటుంది. మీ అన్నదమ్ముడిని అందులో ఇండియా ఉన్నవి మాత్రం ఏరి పంపమనండి, అది నిజంగా పనికొచ్చే సాయం. డల్లాస్ తీసుకెళ్లడం చట్టప్రకారం అసాధ్యం కాదు గానీ, వీసా, రెండు మూడు వారాలకోసారి ఆస్పత్రి, ట్రయల్ కట్టని స్కాన్‌లు, అడ్మిషన్ల బిల్లులు ఉంటాయి. విజిటర్ ఇన్సూరెన్స్ పాత జబ్బుకు మామూలుగా వర్తించదు. ఇక్కడ రుజువున్న మందులు ఇంకా మిగిలి ఉన్న మనిషిని అంతదూరం పంపమని నేను చెప్పను.

తుంటి ఎముకలో మచ్చ ఉందని రాశారు, నొప్పి ఉందో లేదో రాయలేదు. ఉంటే, ట్రయల్ తేలేదాకా ఓర్చుకోమని ఆయనకు చెప్పకండి. ఒకే కిడ్నీ ఉన్నవాడు, మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగితే ఆ కిడ్నీ దెబ్బతినొచ్చు, క్రియాటినిన్ పెరిగి ట్రయల్ అర్హత కూడా పోవచ్చు. ఎముక నొప్పికి కొద్ది విడతల రేడియేషన్ బాగా పనిచేస్తుంది, మార్ఫిన్ లాంటి మందులు డాక్టర్ చీటీ మీద దొరుకుతాయి, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే విభాగమే ఉంది. ఉన్నట్టుండి కాలు మోపలేకపోయినా, కాళ్లు మొద్దుబారినా, మూత్రం ఆగినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. రేడియేషన్ పెట్టించేముందు తేదీని ట్రయల్ కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి చెప్పండి, మందు మొదలుపెట్టడానికి మధ్యలో ఎన్ని రోజులు ఆగాలో వాళ్లు లెక్క చూసుకోవాలి.